ఎడిటర్ చేతికి వచ్చిన ఫ్రేమ్

నిలువు వీడియోల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా టిక్‌టాక్‌తో మొదలుపెడతారు. మన దేశం వరకు ఆ కథ అందరికీ తెలిసిందే. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ప్రయోగాత్మకంగా ముందు ఇక్కడే మొదలైంది. ఇదంతా వేదికల చరిత్ర. ఆ వేదికలకు సరుకు తయారుచేసే పనికి వేరే చరిత్ర ఉంది, అది ఇంతకంటే చాలా పాతది. గంటసేపు సాగిన ఇంటర్వ్యూనో, ప్రవచనాన్నో, సినిమా వేడుకనో కంప్యూటర్‌లో వేసుకుని అందులోంచి నిమిషం నిలువు ముక్క తీసే మనిషి రోజంతా తేల్చుకునేది ఒకటే: అడ్డంగా ఉన్న బొమ్మలో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి. ఒకప్పుడు ఆ నిర్ణయం దర్శకుడిది, కెమెరామన్‌ది. అది వాళ్ల చేతుల్లోంచి ఎడిటింగ్ టేబుల్ మీదికి ఎలా వచ్చిందన్నదే ఈ వృత్తి అసలు చరిత్ర అని నా వాదన. అలా చూస్తే ఈ ఎడిటర్‌కు పూర్వికుడు పాటకు పెదవులు కలిపిన కుర్రాడు కాదు, సినిమా ఎడిటర్ కూడా సగమే. మిగతా సగం, 1960లలో వెడల్పు సినిమాలను టీవీ తెరకు కుదించిన, పేరు తెలియని సాంకేతిక నిపుణుడిది.

ఫిల్ము రోజుల్లో రీలు ఎడిటర్ దగ్గరికి వచ్చేసరికే ఫ్రేమ్ ఖరారై ఉండేది. ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ 1890ల మొదట్లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక్కో బొమ్మ నాలుగు రంధ్రాల ఎత్తు ఉండేలా కొలత పెట్టాడు. దాంతో బొమ్మ వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు అయింది. ఆ తర్వాత ప్రపంచమంతా అదే కొలతను పట్టుకుంది. 1924లో ఐవాన్ సెరూరియర్ మూవియోలా అనే ఫిల్ము చూసే యంత్రాన్ని ఎడిటర్ల కోసం మార్చి అమ్మడం మొదలుపెట్టాడు. దాని చిన్న అద్దంలోకి చూస్తూ ఎడిటర్ షాటు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, దాని వెంట ఏది రావాలి అని నిర్ణయించేవాడు. అతని కత్తెర కాలాన్ని కోసేది, స్థలం జోలికి పోలేకపోయేది. షాటులో ఒక అంచున నిలబడ్డ మనిషి అక్కర్లేదనిపిస్తే, దాన్ని ల్యాబుకు పంపి ఆప్టికల్ ప్రింటర్ మీద బొమ్మను మళ్లీ ఫొటో తీసి పెద్దది చేయించాలి. గ్రెయిన్ పెరుగుతుంది, డబ్బు ఖర్చవుతుంది, రోజులు పోతాయి. తప్పనిసరైతే తప్ప ఎవరూ ఆ పనికి దిగేవాళ్లు కాదు. మద్రాసులో తెలుగు సినిమాలు కట్ అయిన దశాబ్దాలన్నిటా ఎడిటర్ హద్దు ఇదే. తీసిన బొమ్మ తీసినట్టే ఉంటుంది, దాని నిడివి మాత్రమే అతనిది.

ఆ ఫ్రేమ్ అడ్డంగానే ఎందుకుండాలన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. 1930లో హాలీవుడ్ స్టూడియోలు తెరను ఇంకా వెడల్పు చేద్దామని ఆలోచిస్తుంటే, సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ అక్కడి అకాడమీ సభలో దానికి ఎదురు వాదించాడు. అడ్డం ఫ్రేమ్ వల్ల ముప్పై ఏళ్లుగా సినిమా తన కూర్పు అవకాశాల్లో సగాన్ని పోగొట్టుకుందని, నిలువుకూ అడ్డానికీ సమానంగా చోటిచ్చే చతురస్రం కావాలని ఆయన అన్నాడు. ఎవరూ వినలేదు. 1953లో ఇళ్లలో టీవీ చూస్తున్న జనాన్ని థియేటర్లకు రప్పించుకోవడానికి ఫాక్స్ కంపెనీ ‘ది రోబ్’తో సినిమాస్కోపు అనే వెడల్పు తెరను తెచ్చింది. తెలుగు సినిమాకు అది 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది. ఈ మార్పుల్లో ఏదీ మనిషి కంటిని పరీక్షించి చేసింది కాదు. బొమ్మ ఎక్కడ చూపిస్తారు, ఎవరితో పోటీ పడుతున్నారు అన్నవే ఫ్రేమ్ కొలతను నిర్ణయించాయి. నిలువు వీడియో విషయంలోనూ అంతే జరిగింది కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వెడల్పు సినిమా, ఇరుకు టీవీ ఒకేకాలంలో ఉండటం వల్ల చిక్కు వచ్చింది. 1961 సెప్టెంబరులో అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ శనివారం రాత్రుల సినిమా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. మొదట వేసిన ‘హౌ టు మ్యారీ ఎ మిలియనీర్’ సినిమాస్కోపు చిత్రం. టీవీ తెర మాత్రం పాత నాలుగు–మూడు కొలతది. 2.35 పాళ్ల వెడల్పున్న బొమ్మను ఎత్తు తగ్గకుండా ఆ తెరలో పెడితే నూటికి 57 వంతులే కనిపిస్తుంది, మిగతా 43 పోతుంది. ఏ 57 ఉంచాలో ఎవరో ఒకరు తేల్చాలి. అలా పుట్టిన పద్ధతికి ప్యాన్ అండ్ స్కాన్ అని పేరు. సినిమాలో ఇద్దరు తెరకు చెరో చివర నిలబడి మాట్లాడుకుంటుంటే ఆ నిపుణుడికి రెండే దారులు. సినిమా బొమ్మ మీద టీవీ తెరకు పట్టే కిటికీని ఒకరి మీదినుంచి మరొకరి మీదికి మెల్లగా జరపాలి, లేదా ఒకరి మీద ఉంచి ఒక్కసారిగా రెండో మనిషి మీదికి మార్చాలి. మొదటి దారిలో వెళ్తే దర్శకుడు కదిలించని కెమెరా కదిలినట్టు కనిపిస్తుంది. రెండో దారిలో వెళ్తే ఒక్క షాటు రెండు షాట్లవుతుంది, సినిమాలో లేని కట్ పుడుతుంది. స్థలాన్ని కోయడం ఇక్కడ కాలాన్ని కోయడంగా మారిపోతోంది. ఈ పని చేసినవాళ్లను ఎవరూ ఎడిటర్లు అనలేదు. చేసింది మాత్రం ఎడిటింగే. చిన్న పని అనో, ఎవరూ గుర్తించరనో, ఈ మనుషులను సినిమా చరిత్రలు పట్టించుకోవు. నాకది పెద్ద లోటుగా కనిపిస్తుంది.

దర్శకులు దీన్ని ఊరికే భరించలేదు. సిడ్నీ పొలాక్ తన ‘త్రీ డేస్ ఆఫ్ ది కాండార్’ను ఇలా కత్తిరించి వేసినందుకు డెన్మార్క్ ప్రభుత్వ టీవీ మీద అక్కడి కోర్టుకు వెళ్లాడు. కత్తిరింపు సినిమాను దెబ్బతీసిందని 1990లలో కోర్టు ఒప్పుకుంది, సాంకేతిక కారణంతో కేసు మాత్రం నెగ్గలేదు. ఇంకొందరు వేరే దారి తొక్కారు. జేమ్స్ కామెరాన్ లాంటివాళ్లు సూపర్ 35 పద్ధతిలో అవసరానికి మించిన ఎత్తుతో తీసి, థియేటర్‌కు ఒక వెడల్పు ఫ్రేమ్, వీడియో క్యాసెట్‌కు ఎత్తైన ఫ్రేమ్ అదే నెగెటివ్ నుంచి తీసుకున్నారు. ఎక్కువగా తీయడం, ఫ్రేమ్ సంగతి తర్వాత చూసుకోవడం అన్న ఈ ఆలోచన ఇవాళ నిలువు వీడియోలకు పునాది.

ఆ ‘తర్వాత’ ఎడిటర్ డెస్కు మీదికి రావడానికి కంప్యూటర్ కావలసి వచ్చింది. 1989లో ఆవిడ్, 1991లో అడోబ్ ప్రీమియర్, 1999లో ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయి. వీటి గురించి మాట్లాడేవాళ్లు ఫిల్ము అతికించే బాధ తప్పిందని, ఎక్కడి షాటునైనా ఎక్కడికైనా జరపొచ్చని చెబుతారు. నిజమే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి క్లిప్పుకూ ఉండే రెండు చిన్న గళ్లు, పొజిషన్, స్కేల్. ఒకప్పుడు ల్యాబుకు పంపి రోజులు ఎదురుచూసిన పని, అంకెలు మార్చి ఎంటర్ నొక్కితే అయిపోతుంది. కీఫ్రేమ్ పెడితే ఆ అంకెలు కాలంతో పాటు మారతాయి, అంటే కిటికీ జరుగుతుంది. ప్యాన్ అండ్ స్కాన్ గదిలోని యంత్రం పూర్తిగా ఈ గళ్లలోకి వచ్చేసింది. అయితే చాలాకాలం దాన్ని వాడుకునే వీలు లేకపోయింది, ఎందుకంటే బొమ్మలో మిగులు లేదు. మన టీవీల పాల్ (PAL) పద్ధతి వీడియో 720×576 చుక్కలే (పిక్సెళ్లే). అందులోంచి నిలువు ముక్క కోసి పెద్దది చేస్తే మొహం అలికేసినట్టు అవుతుంది. హెచ్‌డీ వచ్చాక కూడా 1920×1080 బొమ్మలోంచి నిలువుగా కోస్తే మిగిలే వెడల్పు 607 చుక్కలు. 1080 చుక్కల వెడల్పుకు దాన్ని సాగదీయాల్సిందే. 4కె వచ్చాక లెక్క మారింది. 3840×2160 బొమ్మలో 9:16 ముక్క కోస్తే 1215×2160 మిగులుతుంది, ఫోన్‌కు కావలసిన 1080×1920 కంటే అది ఎక్కువే. 2015లో ఐఫోన్ 6ఎస్ కూడా 4కె తీయడం మొదలుపెట్టింది. నిలువు ఎడిటింగ్‌ను ఒక వృత్తిగా నిలబెట్టింది యాప్‌లు ఎంతో, ఈ మిగులు చుక్కలూ అంతే.

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకు ఒక ఉదాహరణ చెప్పాలి. డేవిడ్ ఫించర్ 2014లో తీసిన ‘గాన్ గర్ల్’ ప్రీమియర్‌లో కట్ అయింది. 6కెలో తీసి, చుట్టూ అంచు వదిలి లోపలి భాగాన్ని ఫ్రేమ్‌గా అనుకుని, ఎడిటింగ్‌లో ఆ అంచును వాడుకుంటూ షాట్లను సర్దారు, నిలకడ చేశారు, చివరికి 4కెలో ముగించారు. కెమెరా దగ్గర ఖరారు కాని ఫ్రేమ్‌ను డెస్కు మీద ఖరారు చేయడం అంత జాగ్రత్తైన దర్శకుడికి తప్పు అనిపించలేదు. అదే సాఫ్ట్‌వేర్‌లో, అవే గళ్లలో అంకెలు మార్చి రీల్ తయారుచేసేవాడు చేస్తున్నదీ అదే జాతి పని.

ఇంతలో నిలువు బొమ్మ జనంలోంచి వచ్చింది. మొబైల్ ఫోన్‌ను మనిషి నిలువుగా పట్టుకుంటాడు, కాబట్టి నిలువుగా తీశాడు. 2012లో గ్లవ్ అండ్ బూట్స్ అనే చేతిబొమ్మల బృందం యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టి, ఇదొక జబ్బు అని ఎగతాళి చేసింది. అది విపరీతంగా పాకింది. వార్తా చానళ్లు జనం పంపిన నిలువు క్లిప్పులను వేయాల్సి వచ్చినప్పుడు రెండు పక్కలా అదే బొమ్మను మసకచేసి నింపేవి. 2013లో స్నాప్‌చాట్, 2016లో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలు తెచ్చాక ఫోన్ నిండా కనిపించేదే మామూలు బొమ్మ అయింది. ఇప్పుడు అడ్డం బొమ్మకే పైనా కిందా మసక పెడుతున్నారు. మనిషి కళ్లు పక్కపక్కన ఉన్నాయి, చూపు సహజంగా అడ్డంగా విస్తరిస్తుంది, కాబట్టి నిలువు ఫ్రేమ్ ప్రకృతికి విరుద్ధం అని అభ్యంతరం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూపు విస్తృతి అడ్డమే, కాదనను. కానీ మనం వివరంగా చూసేది చాలా చిన్న మేర, మిగతాది కళ్లను తిప్పుతూ పోగుచేసుకుంటాం. సినిమా మొదటి ఫ్రేమ్ దాదాపు చతురస్రమే, అప్పుడు ఎవరి కళ్లూ తిరగబడలేదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ పటాలు పైనుంచి కిందికి విచ్చుకుంటూ పోయే పొడవాటి గుడ్డలు. వాటి మీద ఒకదాని కింద ఒకటిగా గళ్లు గీసి తరాలుగా కులపురాణాలు చెప్పారు. కథ నిలువుగా సాగడం మన కంటికి కొత్తేమీ కాదు. ఈ పటాల్లో ఒక్కో గడి మాత్రం చాలావరకు అడ్డంగానే ఉంటుందన్నదీ గమనించాలి. చూపించే వస్తువు ఆకారం ఒకటి, లోపలి బొమ్మ ఆకారం ఒకటి. చిత్రకారుడు రెండింటినీ విడిగా ఆలోచించాడు, మనమూ ఆలోచించవచ్చు.

ఇదంతా ఫోన్‌లోనే తీసి ఫోన్‌లోనే కట్ చేసే పని కదా, డెస్క్‌టాప్ ఊసెందుకు అనే ప్రశ్నకు బలం ఉంది. నిలువుగానే తీసి, అక్కడికక్కడే పాట తగిలించి వదిలే వీడియోలు లెక్కలేనన్ని, వాటికి కంప్యూటర్ అక్కర్లేదు. అయితే రెండో ప్రవాహం ఒకటుంది. పాడ్‌కాస్టులు, చర్చలు, ఉపన్యాసాలు, సినిమా ట్రైలర్లు, వంటల కార్యక్రమాలు అడ్డంగా, చాలా నిడివితో, తరచుగా మూడు నాలుగు కెమెరాలతో తీస్తారు. వాటినుంచి నిలువు ముక్కలు తీయడానికి వందల గిగాబైట్ల ఫుటేజీ, విడివిడి ఆడియో ట్రాకులు, పెద్ద మానిటర్ కావాలి. ఫోన్ యాప్‌గా పుట్టిన క్యాప్‌కట్ కూడా తర్వాత డెస్క్‌టాప్‌కు రాక తప్పలేదు. ఫ్రేమ్ ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న తలెత్తేది ఈ రెండో ప్రవాహంలోనే.

దగ్గరగా చూస్తే ఆ నిర్ణయం ఎంత బరువైనదో తెలుస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే అడ్డం షాటును 9:16లోకి తెస్తే బొమ్మలో మూడో వంతు కూడా మిగలదు. ఇద్దరూ పట్టరు. మాట్లాడేవాళ్ల మీద ఉంచితే వినేవాళ్ల ముఖం పోతుంది. ప్రశ్న అడిగినాయన తల దించుకున్నాడా, నవ్వాడా, వాచీ చూసుకున్నాడా అన్నది ప్రేక్షకుడికి ఇక తెలియదు. ఒకరిని పైన, ఒకరిని కింద పేర్చితే ఇద్దరూ కనిపిస్తారు, కానీ వాళ్ల చూపులు కలవవు. పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు చూసుకున్న మనుషులు ఇప్పుడు చెరో గోడవైపు చూస్తూ మాట్లాడుతున్నట్టుంటారు. అంచేత అనుభవం ఉన్న ఎడిటర్లు పేర్చే పద్ధతిని గొడవలకో నవ్వులకో వాడి, మనసు విప్పి మాట్లాడే చోట ఒక్క ముఖాన్నే నిలుపుతారు. అదీ వినేవాళ్ల ముఖం కావచ్చు. ఇంకో కట్టుబాటు యాప్‌ది. కుడి అంచున లైకు, కామెంటు, షేరు గుర్తులు. కింద ఖాతా పేరు, వివరణ. వాటి వెనక పడిన చెయ్యి, వస్తువు, అక్షరం పోయినట్టే. ఆ మేరను గీతలతో గుర్తుపెట్టుకుని మిగిలిన చోటులోనే అంతా సర్దాలి.

ఒకే దృశ్యానికి అడ్డం కూర్పు, నిలువు కూర్పు రెండు వేర్వేరు పనులని క్విబీ ఉదంతం డబ్బు పోసి నిరూపించింది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలైన ఆ వేదికలో ఫోన్‌ను అడ్డం తిప్పితే అడ్డం బొమ్మ, నిలువు తిప్పితే నిలువు బొమ్మ కనిపించేవి. అందుకు ప్రతి ఎపిసోడ్‌నూ రెండు కొలతల్లో ఎడిట్ చేసి ఇవ్వాల్సి వచ్చేది. సుమారు 175 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకున్న ఆ సంస్థ డిసెంబరుకల్లా మూతపడింది. దాని పతనానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, వాటిలోకి వెళ్లను. అడ్డం ఎడిట్‌ను యాంత్రికంగా కోస్తే చాలదని, రెండో ఎడిట్‌కు మళ్లీ కూర్చోవాలని అంత పెద్ద సంస్థ ఒప్పుకుంది. నా వాదనకు అది చాలు.

తెలుగులో ఈ పని చేసేవాళ్లకు ఇంకో బరువు ఉంది, దాన్ని ఇంగ్లిషు వ్యాసాలు ఎక్కడా చెప్పవు. ఫోన్‌ను చప్పుడు లేకుండా చూసేవాళ్లకోసం నిలువు వీడియోలో అక్షరాలు తప్పనిసరయ్యాయి. కోసి పారేసిన స్థలం పోగా మిగిలిన చోటును ఎడిటర్ అక్షరాలతో కూర్చుతున్నాడు. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లకు మాత్రం చాలాకాలం తెలుగు రాలేదు. యూనికోడ్‌లో టైపు చేసి టైటిల్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోయేవి, ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అయ్యేది. అందుకే టీవీ, పెళ్లి వీడియోల ఎడిటర్లు ‘అను’ ఫాంట్లను ఆశ్రయించారు. వాటిలో తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క. సాఫ్ట్‌వేర్‌కు భాష తెలియకపోయినా ముక్కలు పక్కపక్కన పేర్చితే అక్షరం నిలబడేది. ఇప్పుడు ప్రీమియర్‌లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, కొత్తవాళ్లకు ఆ సెట్టింగ్ ఒకటుందని తెలియక ఇప్పటికీ విరిగిన అక్షరాలతోనే వీడియోలు వదులుతుంటారు. ఆపైన ఇరుకు ఫ్రేమ్ తెచ్చే చిక్కు వేరు. ‘చేయాల్సివచ్చిందంటున్నారు’ లాంటి మాట పెద్ద అక్షరాల్లో 1080 చుక్కల వెడల్పు పట్టదు. చిన్నది చేస్తే చదవలేం, విరగ్గొడితే అర్థం చెడుతుంది. కింది ఒత్తులు, పై గుడులు తగలకుండా రెండు వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లిషుకంటే ఎక్కువ ఇవ్వాలి. మాటల్ని ఎక్కడ విరవాలి, బొమ్మ ఎంత పైకి జరపాలి అన్నది ఎడిటర్ ఒక్కడే కూర్చుని తేల్చుకోవాలి.

ఈ శ్రమంతా యంత్రానికి అప్పగించేశారు కదా అనే మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. అడోబ్ 2019లో ప్రీమియర్‌కు ఆటో రీఫ్రేమ్ తెచ్చింది, మరుసటేడు ఫైనల్ కట్‌కూ అలాంటిదే వచ్చింది, డావించి రిజాల్వ్‌లోనూ ఉంది. ఒక్క బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ముఖాన్నో కదిలే వస్తువునో వెతికి పట్టుకుని దాని వెంట కిటికీని జరుపుతుంది. బౌలర్ పరుగు, నర్తకి అడుగు లాంటి చోట్ల ఇది గంటల పని మిగులుస్తుంది, దాన్ని వాడొద్దనడం అన్యాయం. అయితే అది పట్టుకునేది కదలికను, ప్రాధాన్యాన్ని కాదు. బల్ల మీద పెట్టిన ఉత్తరం కదలదు, ముఖం కదులుతుంది. సన్నివేశం ఆ ఉత్తరం గురించైతే యంత్రం తప్పు దాన్ని చూపిస్తుంది. పైగా అది కిటికీని ఎక్కడ పెట్టిందో కీఫ్రేమ్‌లుగా టైమ్‌లైన్ మీదే రాసి ఇస్తుంది, ఎడిటర్ వాటిని చెరిపి తనవి పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే దాన్ని తుది నిర్ణయం అనుకోలేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం చివరికి ఉంచాను. ప్యాన్ అండ్ స్కాన్ సినిమాలను పాడుచేసిందని పొలాక్ అన్నాడు, కోర్టూ ఒప్పుకుంది. ఆ పని వారసత్వం చెప్పుకునే వృత్తి గౌరవానికి ఎలా అర్హమవుతుంది? నష్టం జరిగిందన్నది కాదనలేను. సినిమాస్కోపులో ఇద్దరి మధ్య ఉంచిన దూరమే సన్నివేశానికి అర్థమైనప్పుడు, ఆ దూరాన్ని కోసేస్తే ఎంత నైపుణ్యమైనా దాన్ని తిరిగి తేలేదు. ఇవాళ కూడా పాత తెలుగు సినిమాల పాటలను నిలువుగా కోసి వదిలే వీడియోల్లో బృందం పోయి నాయిక ముఖమే మిగులుతోంది, దాన్ని నేను సమర్థించను. కానీ అప్పటికీ ఇప్పటికీ రెండు తేడాలున్నాయి. అప్పట్లో టీవీ ప్రేక్షకుడికి మరో ప్రతి దొరికేది కాదు, ఇప్పుడు ముక్క చూసినవాళ్లు పూర్తి అడ్డం వీడియోకు అక్కడినుంచే వెళ్లొచ్చు. రెండోది, తీసేవాళ్లే ఇప్పుడు కోత కోసం తీస్తున్నారు. 2022లో వచ్చిన గోప్రో హీరో 11 సెన్సర్ 8:7 కొలతది, దాదాపు చతురస్రం. దానితో తీస్తే అడ్డం ముక్కా నిలువు ముక్కా రెండూ అందులోంచే వస్తాయి. అంతకు తొంభై రెండేళ్ల ముందు ఐసెన్‌స్టీన్ తెర కోసం అడిగిన ఆకారం తెరకు రాలేదు, కెమెరాకు వచ్చింది. కెమెరా చతురస్రాన్ని తీసి పక్కకు తప్పుకున్నాక, చూసేవాళ్లకు ఏది కనిపించాలన్నది తేల్చడానికి మిగిలింది డెస్కు ముందున్న మనిషే. అతని పేరు మాత్రం ఆ వీడియోల మీద ఇప్పటికీ పడటం లేదు. ఇంటర్వ్యూ చేసినవాళ్ల పేరు, చానల్ పేరు, పాట పేరు వివరణలో ఉంటాయి; ఎడిటర్ పేరుకు కావలసింది ఇంకో పంక్తే.